మోకు బరువు

ఆ కాగితాలు మంగళవారం పొద్దున పదిన్నరకు వచ్చాయి. అమెరికాలో ఏదో చిన్న ఊరి గ్రంథాలయంలో పనిచేసే ఒక పుణ్యాత్మురాలు స్కాన్ చేసి పంపిన తొమ్మిది పేజీలు. వాటి కోసం లక్ష్మిప్రియ పధ్నాలుగు నెలలుగా ఈమెయిళ్లు రాస్తూనే ఉంది. తీరా వచ్చాక ఏడో పేజీ తెరిచి, అడుగున ఉన్న రెండు వాక్యాలు చదివి, ల్యాప్‌టాప్ మూసేసింది. మూసినంత మాత్రాన చదివింది చదవనిదై పోదు కదా. కాలేజీ లైబ్రరీ వరండాలోకి వచ్చి, మదురై ఎండలో మెరుస్తున్న సైకిల్ స్టాండును చూస్తూ నిలబడింది. ఎంతసేపు నిలబడిందో ఆమెకే తెలియదు. రెండో పీరియడు గంట కొట్టేసరికి కాళ్లు నొప్పిపెట్టాయి.

ఆ రెండు వాక్యాలు నిజమైతే, ఆమె పరిశోధనలో నాలుగో అధ్యాయం అబద్ధం. ఆదివారం కోయంబత్తూరులో వాళ్ల తాతకు కప్పబోయే శాలువా కూడా అబద్ధమే.

లక్ష్మిప్రియ వాళ్లది కినత్తుకడవు పక్కన కొబ్బరి తోట. ఎన్ని తరాల కిందట తెలుగు దేశం నుంచి దిగి వచ్చారో ఇంట్లో ఎవరికీ తెలియదు. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, పరీక్షలో ఇంగ్లీషు. తెలుగు మాట ఆ గడప లోపలే పుట్టి పెరిగింది గాని, తెలుగు అక్షరం గడప తొక్కలేదు. ఆ ఇంట్లో కాలేజీ మెట్టెక్కిన మొదటి మనిషి ఆమె. ఇంటికి మొదటి పట్టభద్రులయ్యే పిల్లలకు ఫీజు తగ్గించే సర్టిఫికెట్ ఒకటుంటుంది. దాని కోసం తాలూకా ఆఫీసు చుట్టూ ఆమెను వెంటబెట్టుకొని మూడుసార్లు తిరిగింది తాత అయ్యసామి. మూడోసారి గుమాస్తా, అమ్మాయి ఏం చదవబోతోందని అడిగితే, "పియానో" అని చెప్పాడు ముసలాయన, డాక్టరు అన్నంత గట్టిగా.

నిజానికి పద్దెనిమిదేళ్లు వచ్చేదాకా ఆమె పియానో ముట్టుకున్నది లేదు. పొల్లాచ్చి కాన్వెంటులో కాసియో కీబోర్డు మీద ప్రార్థన పాటలు వాయించడం వచ్చు, అంతే. మదురైలో ఈ మిషన్ కాలేజీలో చేరాకే జెబమలర్ టీచర్ ఆమెను అసలు పియానో ముందు కూర్చోబెట్టింది. రెండేళ్లు నేర్పాక దాపరికం లేకుండా చెప్పేసింది కూడా. నువ్వు ఆలస్యంగా మొదలుపెట్టావు, కచేరీలు నీవల్ల కావు. కాని నీకున్న ఓపిక నా దగ్గర చదివినవాళ్లలో ఎవరికీ లేదు. ఓపిక ఉన్నవాళ్ల కోసం కాచుకొని కూర్చున్న సంగీతం చాలా ఉంది, దాన్ని చదువు అన్నది.

అట్లా కాచుకొని కూర్చున్న సంగీతం కాలేజీ వెనక పాత బంగళాలో, ఒక బీరువా అడుగున, తగరపు పెట్టెలో దొరికింది. నూరేళ్ల కిందట ఇక్కడ పాఠాలు చెప్పి వెళ్లిపోయిన ఒక అమెరికా టీచరమ్మ వదిలిన పెట్టె అది. అందులో నలభై ఒక్క పియానో రచనలు. ఆ కాలపు అమెరికా సంగీతం గురించి పుస్తకాలు తీస్తే నలుగురైదుగురి పేర్లే తిప్పి తిప్పి చెబుతాయి. ఆ పేర్లలో ఒక్కటీ ఈ పెట్టెలో లేదు. ఇందులో ఉన్నవాళ్లు చిన్న ఊళ్ల సంగీతం టీచర్లు, చర్చిలో ఆర్గన్ వాయించిన ఆడవాళ్లు, ఒక రైల్వే గుమాస్తా. ఉన్నదేదో పెట్టి రెండు మూడు వందల ప్రతులు అచ్చు వేయించుకొని, ఎవరూ వాయించకపోతే మెల్లిగా మరుగున పడిపోయినవాళ్లు.

కాని వాయించి చూస్తే ఒళ్లు జలదరించేది. తెలిసిన కీర్తన లాగానే మొదలయ్యేది. ఇంతలో ఎడమచేతి కిందకు పొసగని స్వరం ఒకటి వచ్చి కూర్చునేది, ఎంతకీ లేచిపోదు. తాళంలో అడుగులు మూడు, నాలుగు, ఉన్నట్టుండి అయిదు. ఇల్లు చేరుతుందనుకున్న పాట వాకిట్లోనే నిలబడిపోయేది. లక్ష్మిప్రియ రచనకొక అట్టకార్డు పెట్టుకొని, పేజీ అడుగున ఉండే అచ్చు పలక నంబరును బట్టి సంవత్సరం తేల్చి, పాత పెన్సిల్ గుర్తులు భూతద్దంతో చూసి, ముందు కుడిచెయ్యి, తర్వాత ఎడమచెయ్యి, ఆ తర్వాత రెండూ కలిపి, ఒక్కోదాన్నీ నెల రోజులు చదివేది. తోటి పరిశోధకులు, "చచ్చినవాళ్ల ట్యూషన్‌కు పోయొచ్చావా?" అని ఎగతాళి చేసేవాళ్లు. ఆమె నవ్వి ఊరుకునేది.

ఇరవై ఏడో కార్డు అల్మైరా విట్‌కోంబ్ అనే ఆవిడది. పంతొమ్మిది వందల ఇరవై ఒకటి అచ్చు. అయిదు చిన్న రచనల వరుస. అందులో నాలుగో దాని పేరు 'రోప్'. రోప్ అంటే మోకు. ఎడమచెయ్యి బరువుగా, మెట్టు మీద మెట్టుగా పైకెక్కుతుంది. పైన ఒక స్వరం తగులుతుంది. అక్కణ్ణుంచి మూడే స్వరాల్లో జారి అడుగుకు వస్తుంది. మళ్లీ ఎక్కుతుంది. ఆ పైస్వరానికీ అడుగుస్వరానికీ మధ్య, సరిగ్గా అక్కడే, మదురై ప్రతిని పురుగు తినేసింది. నెలవంక కింద చుక్క పెట్టినట్టుండే గుర్తు ఒకటి, అంటే ఈ స్వరం మీద ఆగమని చెప్పే గుర్తు, సగం మిగిలింది. అది పైస్వరానిదా, అడుగుస్వరానిదా చెప్పడానికి లేదు. ఆ పేజీ అడుగంచును చెదలు తిన్నాయి.

ఆ ఎండాకాలం సెలవుల్లో లక్ష్మిప్రియ ఇంటి పంచలో కాసియో మీద దాన్ని సాధన చేస్తుంటే, నులకమంచం మీద పడుకున్న తాత ఉన్నట్టుండి గొంతెత్తి పాడటం మొదలుపెట్టాడు. కవలె పాట. కరెంటు మోటార్లు రాకముందు ఆ వైపు బావుల నుంచి నీళ్లు తోడింది కవలెతోనే. పెద్ద తోలుబానకు మోకు కట్టి, గిలక మీదుగా తెచ్చి, ఎద్దుల కాడికి తగిలిస్తారు. ఎద్దులు ఏటవాలు బాటలో దిగితే బాన పైకి వస్తుంది. తొట్టిలో నీళ్లు కుమ్మరిస్తుంది. ఎద్దులు వెనక్కి నడిస్తే బాన మళ్లీ బావిలోకి దిగుతుంది. తోలే మనిషి దిగేటప్పుడు మోకు మీదెక్కి కూర్చొని తన బరువు కూడా కలుపుతాడు, పాట పాడతాడు. అయ్యసామి పదమూడో ఏట నుంచి ఇరవై ఏడో ఏట దాకా ఆ మోకు మీద కూర్చున్నవాడు.

తాత పాటా, అల్మైరా విట్‌కోంబ్ ఎడమచెయ్యీ ఒకదాని పక్కన ఒకటి కాడికి కట్టిన ఎద్దుల్లా నడిచాయి. లక్ష్మిప్రియ వాయించడం ఆపి, ఫోనులో రికార్డు నొక్కింది.

అప్పుడే ఆగాల్సిన చోటు కూడా ఆమె తేల్చేసింది. నీళ్లు కుమ్మరించేది పైన. కాబట్టి ఆగేదీ పైనే. సగం గుర్తును పైస్వరానికి ఇచ్చేసింది. పెట్టె వదిలిన టీచరమ్మ మధ్యలో ఒక సంవత్సరం సెలవు మీద అమెరికా వెళ్లివచ్చింది. ఆమె ద్వారా ఆ కవలె సంగతి అల్మైరా చెవిన పడి ఉండవచ్చు. మొదటి చిత్తుప్రతిలో 'విని ఉండవచ్చు' అనే రాసింది. రెండోదానిలో 'విని ఉండాలి' అయింది. చెన్నై సదస్సులో చదివినప్పుడు అందరూ చప్పట్లు కొట్టారు. ఆ తర్వాత ఒక తమిళ పత్రికవాళ్లు తాత ఫొటో వేసి, మన కవలె పాట అమెరికా పియానోకెక్కిందని రాసేశారు. ఆమె ఆ వార్తను సరిదిద్దమని అడగలేదు. అదొక్కటి అడిగి ఉంటే బాగుండేదని ఇప్పుడు అనిపిస్తోంది.

తాత ఆ పత్రిక ముక్కను ప్లాస్టిక్ కవరులో పెట్టి చొక్కా జేబులో దాచుకున్నాడు. టీ కొట్టులో ఆయన పేరు 'అమెరికా అయ్యసామి' అయిపోయింది. "దొరసాని నీకు ఉత్తరం రాసిందా అయ్యా?" అని కుర్రకారు గిల్లితే, "ఆమె చచ్చి యాభై ఏండ్లాయె, ఉంటే రాసేది" అనేవాడు. కోయంబత్తూరులో ఉన్న తమ కులంవాళ్ల సంఘం వార్షికోత్సవానికి ఆయన్ను పిలిచి సన్మానం చేస్తామన్నది. మనవరాలు వాయించాలి, తాతకు శాలువా కప్పాలి. ఆహ్వాన పత్రికలు అచ్చయిపోయాయి.

ఇప్పుడు ఏడో పేజీ వచ్చింది, పురుగు తినని ప్రతి నుంచి. ఆగమనే గుర్తు నిండుగా, నల్లగా, అడుగుస్వరం కింద ఉంది. పేజీ చివర చిన్న అక్షరాల్లో అల్మైరా రాసిన రెండు వాక్యాలు: 'చలికాలంలో చెరువు మీద కోసిన ఐసు దిమ్మెలను మోకుతో మా నాన్న ఐసు కొట్టంలోకి లాగిన గుర్రం నడక ఇది. కింద దిమ్మెకు కొక్కెం తగిలించేదాకా గుర్రం ఆగాలి, వాయించేవారూ ఆగాలి.'

బావి లేదు. కవలె లేదు. మదురై ఊసే లేదు.

రెండు రోజులు లక్ష్మిప్రియ ఆ ల్యాప్‌టాప్ జోలికి పోలేదు. గురువారం మధ్యాహ్నం కాగితాలు ప్రింటు తీసుకొని జెబమలర్ టీచర్ గదికి వెళ్లింది. టీచర్ ఏడో పేజీ చదివింది. కళ్లద్దాలు తీసి చీర కొంగుతో తుడుచుకొని మళ్లీ చదివింది. లేచి పియానో దగ్గరకు పోయి నిలబడే ఆ గుర్తున్న రెండు వరుసలు వాయించింది. అడుగుస్వరం మీద ఆగింది. తర్వాత మూత వేసింది.

ఆమె మాట్లాడింది అరగంట పైనే. వైవాకు ఇరవై రోజులుంది. నాలుగో అధ్యాయం తీసేస్తే మొత్తం మళ్లీ కట్టుకోవాలి, ఆరు నెలలు వెనక్కి పోతుంది. ఉంచితే, బయటి పరీక్షకులిద్దరూ ఇష్టపడ్డది ఆ అధ్యాయాన్నే. ఈ పేజీ వాళ్ల కంట పడే దారి కూడా లేదు. అన్నీ చెప్పి, నేను గైడుగా సంతకం పెట్టేదాన్ని, రాసేది నువ్వు అన్నది. లక్ష్మిప్రియ తలుపు దాకా వెళ్లాక వెనక్కి పిలిచింది.

"నూరేళ్లలో ఆమె పేరు పలికింది నువ్వొక్కదానివే ప్రియా. ఆమె తరఫున అడగటానికి ఇంకెవరూ లేరు. అది గుర్తుపెట్టుకో."

ఆ మాట హాస్టలు దాకా వెంట వచ్చింది. లక్ష్మిప్రియ ఇన్నాళ్లూ తాను అల్మైరాకు ఏదో ఇచ్చాననుకుంది. పేరిచ్చాననీ, పెద్ద కథ ఇచ్చాననీ. ఇచ్చిందేమీ లేదు. ఆవిడ చెరువునూ, గుర్రాన్నీ, వాళ్ల నాన్న చలికాలాన్నీ లాక్కొని తన బావిలో పడేసింది. అడిగేవాళ్లు లేరు కాబట్టి సాగింది.

శుక్రవారం ఆమె నారాయణన్ మామకు ఫోను చేసింది. నారాయణన్ లక్ష్మిప్రియ అమ్మకు పెదనాన్న కొడుకు, సంఘానికి కార్యదర్శి, కోయంబత్తూరులో మోటారు పంపుల విడిభాగాలు చేసే కంపెనీ ఆయనది. కవలెలు మూలపడింది ఆ మోటార్ల వల్లే అని ఆయనే జోకులేసేవాడు. సంగతంతా విని గొంతు తగ్గించాడు.

"ఆ కాగితం నీకొక్కదానికి దానె వచ్చింది పాపా? ఇంకెవరికి తెలుసు?"

"నాకు తెలుసు కదా మామా."

"అది సరి. ఐసు అంటివి కదా. మద్రాసులో ఐస్ హౌస్ ఉండాదే, అమెరికా ఐసు ఓడలో వచ్చి దిగింది అక్కడే దానె. ఆ లింకు పెట్టేయి. ఇంకా పెద్దగా ఉంటాది."

"అది పెడితే ఇంకో అబద్ధం అవుతాది మామా."

ఆయన నిట్టూర్చి, సరి, మీ తాతకు నువ్వే చెప్పుకో, నావల్ల కాదు అన్నాడు. కోపంతో అన్నది కాదు. ఆయనకు ఆ ముసలాయనంటే భయభక్తులు.

శనివారం పొద్దున ఆమె బస్సెక్కింది. ఒట్టన్‌చత్రం దగ్గర కూరగాయల లారీలు అడ్డం తిరిగి బస్సు ముప్పావుగంట నిలిచిపోయింది. మునక్కాయల కట్టల మీద నీళ్లు చల్లుతున్న వాసన కిటికీలోంచి వచ్చింది. తాతకు ఈ విషయం ఏ మాటలతో చెప్పాలో ఆమెకు తోచలేదు. చదివిందంతా ఇంగ్లీషులో చదివింది. రాసిందంతా ఇంగ్లీషులో రాసింది. 'ఆధారం' అనే మాటను ఇంట్లో ఏమంటారో ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు. చివరికి అట్లాంటి మాటే తమ ఇంట్లో లేదనీ, 'చూస్తివా?' అని మాత్రమే అడుగుతారనీ అనిపించింది.

ఇల్లు చేరేసరికి మూడు దాటింది. అమ్మ పరమేశ్వరి కొబ్బరి పొట్టు ఎత్తించే పనిలో తోట చివర ఉంది. తాత పాత బావి దగ్గర మోటారు గది మెట్టు మీద కూర్చున్నాడు. బావిలో నీళ్లు లేక ఇరవై ఏళ్లయింది. బోరు వేశాక దాని అవసరమూ లేదు. గిలక మోసిన రెండు రాతి కంభాలు మాత్రం పీకలేదు.

"ఏమి పాపా, ఈపొద్దే వస్తివి? రేపు దానె ఫంక్షను. మొగం ఏంటికి అట్ల పెట్టుకొన్నావు, బస్సులో వాంతి అయ్యెనా?"

ఆమె మెట్టు కింద నేల మీద కూర్చుంది. "తాతా, నేను రాసింది తప్పు తాతా. ఆ అమెరికా ఆమె మన కవలె పాట వినలేదు."

ఆమె మొదటి నుంచి చెప్పుకొచ్చింది. వేరే ప్రతి వచ్చిందనీ, అందులో ఆమే రాసిన మాటలు అచ్చులో ఉన్నాయనీ, అక్కడ చలికి చెరువులు రాయిలా గట్టిపడతాయనీ, వాటిని రంపంతో కోస్తారనీ, దిమ్మెలను గుర్రంతో మోకు కట్టి లాగిస్తారనీ. పేపరులో వచ్చింది కూడా తప్పేననీ, తెలిసి రాయలేదు గాని ఆశపడి రాశాననీ. రేపు సభలో అందరి ముందూ ఇదే చెప్పాలనుకుంటున్నాననీ. మాట్లాడుతున్నంతసేపూ ఆయన రాతి కంభాల వైపే చూశాడు.

"నీళ్లను కోస్తరా?" అన్నాడు చివరికి.

"ఆమా తాతా. గడ్డ కట్టినాక."

"చూస్తివా?"

"ఆమె రాసింది చూస్తిని."

అయ్యసామి చొక్కా జేబులోంచి ప్లాస్టిక్ కవరు తీశాడు. కాసేపు చేత్తో నిమిరాడు. చింపలేదు. మనవరాలి ఒళ్లో పెట్టాడు. "నువ్వే పెట్టుకో. నాకు చదవను రాదు దానె. ఫొటో చూసుకొంటా ఉంటిని." గొంతు మామూలుగానే ఉంది. కాని జేబు మీద చెయ్యి అట్లాగే ఉండిపోయింది, ఖాళీ అయిందని చేతికి ఇంకా తెలియనట్టు. లక్ష్మిప్రియ తల ఎత్తలేకపోయింది. తాలూకా ఆఫీసులో 'పియానో' అని చెప్పిన రోజు ఆయన చెయ్యి ఇదే జేబులో సర్టిఫికెట్ దరఖాస్తును పట్టుకొని ఉంది.

కొబ్బరాకుల నీడ కంభాలు దాటి మెట్టు మీదికి వచ్చింది. అప్పుడు తాత అడిగాడు: "ఆమె రాసింది ఎట్ల ఉండాదో, తప్పు లేకుండా వాయించు. విందాం."

ఇంటికి వెళ్లి, తాత నులకమంచం మీద వాలాక, ఆమె పంచలో పాత కాసియో తీసి, బల్ల మీద పెట్టి వాయించింది. ఎడమచెయ్యి ఎక్కింది. పైస్వరం మీద ఆగకుండా దాటి, మూడు స్వరాల్లో జారి, అడుగుకు వచ్చి, అక్కడ ఆగింది. మళ్లీ ఎక్కింది. రెండేళ్ల అలవాటు కాబట్టి ప్రతిసారీ పైన వేలు ఆగబోయేది. బలవంతంగా ముందుకు తోసింది. అయిపోయేసరికి తాత మంచం మీద లేచి కూర్చుని ఉన్నాడు.

"ఇప్పుడు సరిగా ఉండాది" అన్నాడు.

"ఏమి సరిగా ఉండాది తాతా?"

"నువ్వు పైన నిలిపేస్తా ఉంటివి. పైన ఏంటికి నిలుపుతారు? బాన పైకొచ్చెనా, నీళ్లు తానే కొట్టుకొని పోతాది. ఒక నిమిసం చాలు. నిలిచేది కింద. బాన మునగాల, నిండాల. అది కంటికి కనపడదు. పైనుంచి ఎవడికీ కనపడదు. మోకు మీద చెయ్యి పెట్టుకొని ఉంటే బరువు తెలుస్తాది. నిండక ముందే తోలితే సగం బానే వస్తాది. ఎద్దులకు వట్టి చాకిరి."

లక్ష్మిప్రియ తాత పాటను ఫోనులో పధ్నాలుగుసార్లు రికార్డు చేసుకుంది. రాగం రాసుకుంది, అడుగులు రాసుకుంది, ఎన్ని సెకన్లో రాసుకుంది. మంచం మీద పడుకొని పాడిన పాట అది. మంచం మీద బాన నిండేదాకా ఆగాల్సిన పని లేదు కాబట్టి, ఆయన అక్కడ ఆగలేదు. ఎక్కడ ఆగుతారు తాతా అని ఆమె ఒక్కసారైనా అడగలేదు. బావి ఆమె ఎన్నడూ తోడింది కాదు, ఆయన తోడింది.

"రెండేండ్లు నేను తప్పు వాయిస్తా ఉంటే ఏంటికి తాతా చెప్పకపోతివి?"

"ఆ తెల్లమ్మ చెవికి అట్ల పడిందేమో అనుకొంటిని. ఆమె రాసె. నువ్వు చదివితివి. మధ్యలో నేనెవడు చెప్పను?"

ఆయన నిష్ఠూరంగా అనలేదు. ఉన్నమాట అన్నట్టే అన్నాడు. అందుకే అది ఆమెకు పత్రిక ముక్క తిరిగి ఇచ్చినప్పటి కంటే ఎక్కువ తగిలింది.

మరుక్షణం ఆమెలో పాత ఆశ మళ్లీ తల ఎత్తింది. ఆగే చోటు ఒకటే అయితే పోలిక ఇంకా బలపడింది కదా, అయితే ఆమె విని ఉండవచ్చు కదా అని. ఆ 'ఉండవచ్చు' ఎక్కడిదాకా పోతుందో ఆమెకు ఇప్పుడు తెలుసు. అక్కడే కూర్చుని, జెబమలర్ టీచరుకు ఫోనులో రెండు వాక్యాల మెసేజి పంపింది. నాలుగో అధ్యాయం వెనక్కి తీసుకుంటున్నాను. వైవాకు గడువు అడగండి. టీచర్ నుంచి 'సరే' అని ఒక్క మాట వచ్చింది.

"రేపు నువ్వు రావద్దులే తాతా. నేను పోయి చెప్పి వస్తా" అన్నది.

"ఏంటికి రాకూడదు? నువ్వు నలుగురి ముందర తప్పు ఒప్పుకొనేటప్పుడు ఇంటి మనిషి ఒకడన్నా ఉండాల కదా."

ఆదివారం సభ హాలు నిండిపోయింది. మిల్లుల వాళ్లు, పంపుల వాళ్లు, తేని వైపు నుంచి వచ్చిన ద్రాక్షతోటల వాళ్లు. అద్దెకు తెచ్చిన ఎలక్ట్రానిక్ పియానో వేదిక మీద ఒక పక్కన ఉంది. ముందు వరుసలో తాత తెల్లపంచె, తెల్లచొక్కా. జేబు చదునుగా ఉంది. నారాయణన్ మామ మైకులో అమెరికా మాట ఎత్తకుండా, తడబడుతూ, ఈ పరిశోధకురాలు తానే కొన్ని మాటలు చెబుతుందని చెప్పి దిగిపోయాడు.

లక్ష్మిప్రియ రాసుకొచ్చిన ఇంగ్లీషు కాగితం మడిచి పెట్టుకుంది. ఇంటి తెలుగులో చెప్పింది. తాను రాసింది తప్పని, అది ఎట్లా జరిగిందో, నిజంగా ఆ పాట ఎవరిదో. అల్మైరా విట్‌కోంబ్ పేరు మూడుసార్లు పలికింది, నిదానంగా, అందరికీ అందేలా. హాలులో గుసగుసలు లేచాయి. వెనక ఎవరో, "అప్పుడు మనది ఏమీ ల్యాదా?" అన్నారు. ఎవరో నవ్వారు. చేతిలో శాలువాతో నారాయణన్ మామ ఎటూ కాకుండా నిలబడ్డాడు.

తాత లేవలేదు. చెయ్యి మాత్రం ఎత్తి, శాలువాను కిందికి దించమన్నట్టు చూపించాడు. "అది ఉండనీ నారాయణా. పాప వాయించనీ."

ఆమె కూర్చుంది. ఎడమచెయ్యి ఎక్కడం మొదలుపెట్టింది, ఒక్కో మెట్టూ బరువుగా. పైస్వరం తగిలింది, వేలు ఆగలేదు. జారి అడుగుకు వచ్చింది. అక్కడ ఎంతసేపు ఆగాలో అల్మైరా అంకెల్లో రాయలేదు. కొక్కెం తగిలేదాకా అని మాత్రమే రాసింది. లక్ష్మిప్రియ తల తిప్పి ముందు వరుస వైపు చూసింది. తాత కళ్లు మూసుకున్నాడు. ఆయన కుడిచెయ్యి కుర్చీ పిడిని గట్టిగా, కాని నొక్కకుండా పట్టుకొని ఉంది, కింద చీకట్లో ఏదో నిండుతుంటే దాని బరువు వేళ్లతో చూస్తున్నట్టు. హాలులో ఎవరో దగ్గారు. ఆ స్వరం సన్నబడుతూ పోయింది. ఆమె అట్లాగే ఆగింది.

ఆయన మణికట్టు కొద్దిగా కదిలింది.

ఆమె మళ్లీ ఎక్కడం మొదలుపెట్టింది.